చూడి గోడిగలు – అండాశయపు కణుతులు

గుర్రపు వైద్యుని ఉర్దూలో 'సలోత్రీ' అందురు. ఈ మాట అరబ్బీదీ కాదు, పారశీకమూ కాదు. అశ్వశాస్త్రమునకు మూలపురుషుడని చెప్పబడే శాలిహోత్రుని పేరే నోళ్ళలో నాని ఇట్లు మారినది. అరబ్బీలో పశువైద్యునకు 'బైతార్' అని పేరు. ఔషధ మొక్కలపై మహాగ్రంథము రచించి 1248లో డమాస్కసున కన్నుమూసిన ఇబ్న్ అల్ బైతార్ పేరునకు 'పశువైద్యుని కుమారుడు' అని అర్థము. ఆ బైతార్ శబ్దము సయితము గ్రీకుల 'హిప్పియాత్రోస్' అను మాట నుండి వచ్చినదని భాషావేత్తల నిర్ణయము. తెలుగు పాఠము చెప్పుకొనువానికి గుర్రపు వైద్యముతో ఏమి పని అని మిత్రులెవరైన అడిగినచో, నేను ఈ మాటల వెంట నడచియే అక్కడికి చేరితినని చెప్పగలను. మాటలు గుర్రముల వెంట ప్రయాణము చేసినవి. బహమనీ సుల్తానుల కాలమున శాలిహోత్ర విద్య పారశీకమునకు అనువదింపబడినది. మన తెలుగున మనుమంచి భట్టు అశ్వలక్షణములపై పద్యకావ్యమే వ్రాసినాడు. కాని ఈ శాస్త్రములన్నిటను మగగుర్రమునకు ఉన్న చోటు ఆడగుర్రమునకు లేదు. యుద్ధము, ఊరేగింపు, రాజుగారి సవారీ – వీనికి పనికివచ్చు లక్షణములే ఎక్కువగా లెక్కకు వచ్చినవి. గోడిగ, అనగా ఆడగుర్రము, పిల్లను కనుటకు మాత్రమే జ్ఞాపకమునకు వచ్చెడిది.

ఆ పిల్లను కనుట మన దక్షిణదేశమున తేలిక పని కాలేదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనములో, తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా తీసుకొనెడివారని చెప్పుచు బంగారము, ఏనుగులు, రత్నములతో పాటు గుర్రములను కూడ పేర్కొన్నారు. గుర్రము సముద్రము మీద దిగుమతి అగు సరకన్నమాట. ఆ శతాబ్దము చివర ఈ తీరమున సంచరించిన మార్కో పోలో, పాండ్యరాజుల మాబారు దేశమును గూర్చి వ్రాయుచు, అక్కడ గుర్రములు పుట్టవనియు, ఏటేటా వేలకొలది తెప్పించిన వానిలో అధికభాగము సరియైన పోషణ లేక చచ్చుచున్నవనియు, మేలుజాతి గుర్రమునకు మేలుజాతి గోడిగను కలిపినను వంకర కాళ్ళ పిల్ల పుట్టుచున్నదనియు చెప్పినాడు. ఆయన మాటలో అతిశయోక్తి ఉండవచ్చును. మేత, వాతావరణము, వైద్యము తెలియకపోవుట అను మూడింటిని కలిపి ఆయన ఒక్క దేశపు దోషముగా కట్టివేసినాడని నా అభిప్రాయము. అయినను, చూడి గుర్రపు కడుపులో ఏమి జరుగుచున్నదో తెలియకపోవుట వలన ఎంత ధనము, ఎంత ప్రాణము నష్టమైనదో ఆ వాక్యముల వెనుక కనబడుచున్నది.

నిజాము కాలపు అశ్వదళముల జ్ఞాపకము హైదరాబాదున ఫస్ట్ లాన్సర్, ఏ.సి. గార్డ్స్ అను పేటల పేర్లలో నిలిచియున్నది. మలక్‌పేటలో పందెపు గుర్రములు నేటికిని పరుగెత్తుచున్నవి. మెదక్ వంటి పట్టణములలో జట్కాల స్థానమును ఆటోలు ఆక్రమించిన పిమ్మట గుర్రము మనకు ఎక్కువగా బరాత్ నాడు మాత్రమే దర్శనమిచ్చును. తలపై జరీ తురాయి, మెడలో పూలదండ, ముందు బ్యాండు, ప్రక్కన టపాకాయలు – ఇంత కోలాహలములో వరుని మోయుటకు ఉర్దూలో 'ఘోడీ' అను ఆడగుర్రమునే ఎన్నుకొనుట వాడుక. మగగుర్రము ఇతర గుర్రములను చూచి పెట్రేగును. ఘోడీ నెమ్మది గలది అని కారణము చెప్పుదురు.

ఇట్టి నెమ్మది గల గోడిగ ఒకటి ఉన్నట్టుండి కరచుట, తన్నుట, తోటి ఆడగుర్రముల మీదికి ఎక్కజూచుట మొదలుపెట్టినదనుకొందము. యజమాని ఏమనును? చెడ్డ సుడి ఉన్నదనును, దిష్టి తగిలినదనును, పొగరెక్కినదని కొరడా తీయును. చూడి కట్టినదేమో అని ఒకడు, గొడ్డుబోయినదని ఒకడు. చివరకు వచ్చిన ధరకు అమ్మివేయును. కొన్నవాడు మరల కొట్టును. అయితే ఆ జంతువు నడతకు కారణము దాని నుదుటి సుడిలో కాక, కడుపులో వెన్నెముక క్రింద వ్రేలాడు ఒక అవయవములో ఉండవచ్చును. దానిని వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

గోడిగ అండాశయము ఇతర పశువుల అండాశయమునకు తలక్రిందులైనది. ఆవులో, గొఱ్ఱెలో, స్త్రీలో కూడ అండములుండు భాగము పైపొరగా ఉండును. అండము ఆ ఉపరితలమున ఎక్కడనుండియైన విడుదల కావచ్చును. గుర్రములో అండములుండు భాగము లోపలికి ముడుచుకొని, రక్తనాళములుండు భాగము వెలుపల కప్పినట్లుండును. అందువలన అండము ఒకే ఒక్క చోటు నుండి, చిక్కుడు గింజకు నడుమ ఉన్న నొక్కువంటి గుంట నుండి మాత్రమే వెలుపలికి రాగలదు. ఈ గుంటను విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. రోగనిర్ణయమున దీనితో పని కలదు. ఇక ఎద చక్రము ఇంచుమించు 21 దినములు. అందులో ఎద 5 నుండి 7 దినములు. చూలు కాలము సుమారు 340 దినములు, అనగా 11 నెలలకు పైన.

అండమును చుట్టుకొని దానిని పెంచు సన్నని కణములకు గ్రాన్యులోసా కణములని పేరు. వాని వెలుపలి తొడుగు థీకా. ఈ రెండును కలసి హార్మోనులను తయారుచేయును. గోడిగ అండాశయమున పుట్టు కణుతులలో అత్యధిక భాగము ఈ కణములవే. కాబట్టి దానిని గ్రాన్యులోసా-థీకా కణముల కణితి అందురు. ఇది సాధారణముగా ఒక ప్రక్కనే వచ్చును, నెమ్మదిగా పెరుగును, ఇతర అవయవములకు ప్రాకుట చాల అరుదు. ప్రాకని కణితికి భయమెందుకు అని అడుగవచ్చును. దీని హాని పరిమాణములో కంటె స్రావములో ఎక్కువ. కణితి ఇన్‌హిబిన్ అను హార్మోనును విపరీతముగా వదలును. మెదడు క్రింద ఉన్న పిట్యూటరీ గ్రంథి నుండి అండములను పెంచుటకు వచ్చు ఆజ్ఞను ఇన్‌హిబిన్ అణచివేయును. ఫలితముగా ఏ దోషము లేని రెండవ అండాశయము కూడ ఎండి, చిన్నదై, గట్టిపడి, పని మానివేయును. ఒక ప్రక్క బత్తాయి పండంతయో, గుమ్మడికాయంతయో పెరిగిన గడ్డ, మరొక ప్రక్క కుంకుడుకాయ వలె ముడుచుకొనిన అండాశయము – వైద్యునకు ఇంతకంటె స్పష్టమైన జాడ మరొకటి లేదు.

అట్టి గోడిగలు మూడు విధముల ప్రవర్తించును. కొన్ని ఎదకే రావు. కొన్ని ఎడతెగక ఎదలోనే ఉన్నట్లు కనబడును. మిగిలినవి మగగుర్రము వలె మెడ బలిసి, సకిలించి, మీదికి వచ్చును. కణితి టెస్టోస్టెరోనును ఎక్కువగా వదలినప్పుడు ఇట్లు జరుగును. కొరడా తినునది ఈ మూడవ రకమే. అయితే నడత మారిన ప్రతి గోడిగకు కణితి ఉన్నదనుకొనరాదు. నొప్పి, జీను రాపిడి, శిక్షణలో దోషము అను కారణములే లోకమున ఎక్కువ. కణితి ఉన్నదా లేదా అన్నది చేతితో, యంత్రముతో, రక్తముతో చూచి తేల్చవలసిన విషయము.

ఇంతవరకు చెప్పినది చూలు లేని గోడిగ మాట. చూడి గోడిగలో కథ చిక్కుపడును, రసవత్తరమును అగును. మొదటి సందేహము సహజముగా ఇది: కణితి రెండవ అండాశయమును కూడ అణచివేయునప్పుడు ఆ గోడిగ చూడి కట్టుట ఎట్లు? కట్టుట అరుదు, కాని అసాధ్యము కాదు. కణితి నెమ్మదిగా పెరుగునది. చిన్నదిగా ఉండి ఇన్‌హిబినును పెద్దగా వదలని దశలో రెండవ ప్రక్క అండము విడుదలై గర్భము నిలువవచ్చును. లేదా గర్భము నిలిచిన పిమ్మటనే కణితి బయలుదేరవచ్చును. కణితి ఉండగనే నెలలు నిండి పిల్లను కనిన గోడిగల వృత్తాంతములు పశువైద్య పత్రికలలో నమోదై ఉన్నవి.

రెండవ చిక్కు పెద్దది. ఏ రోగము లేని చూడి గోడిగ కూడ కణితి ఉన్నదానివలె భ్రమింపజేయగలదు. ఇది ప్రకృతి గుర్రమునకు చేసిన విచిత్రపు ఏర్పాటు. గర్భము నిలిచిన 36వ దినము ప్రాంతమున, పిండము చుట్టునున్న పొరలో ఒక పట్టీ నుండి కొన్ని కణములు విడివడి తల్లి గర్భాశయపు గోడలోనికి చొచ్చుకొనిపోవును. అక్కడ చిన్న గిన్నెల ఆకారమున స్థిరపడి ఒక హార్మోనును తల్లి రక్తములోనికి వదలుచుండును. ఈ హార్మోనును 1930లో కాలిఫోర్నియాలో కోల్, హార్ట్ అను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ గిన్నెలు తల్లివని చాలకాలము అనుకొనిరి. అవి పిండపు కణములేయని తరువాత ఇంగ్లండున అలెన్ మున్నగువారి పరిశోధనల వలన తేలినది. తల్లి శరీరము వీనిని పరాయివిగా గుర్తించి, తెల్లరక్తకణములతో ముట్టడించి, ఇంచుమించు 120వ దినము నాటికి నాశనము చేయును. బిడ్డను ఉంచుకొని బిడ్డ పంపిన కణములను మాత్రము తరిమివేయు ఈ న్యాయము ఎట్టిదో జీవశాస్త్ర విద్యార్థులు ఆలోచింపదగినది.

ఆ హార్మోను ప్రభావమున 40వ దినము మొదలు తల్లి అండాశయములలో క్రొత్త పుటికలు పెరిగి, ప్రొజెస్టెరోనును తయారుచేయు అదనపు పసుపు పిండములుగా మారును. రెండు అండాశయములును ఉబ్బి, బొడిపెలతో నిండి, చేతికి పెద్దవిగా తగులును. అనుభవము లేని వైద్యుడు వీనిని కణితి అనుకొనుటకు అవకాశము కలదు. ఇక రక్తపరీక్షలో టెస్టోస్టెరోను కూడ ఎక్కువగనే కనబడును. గుర్రపు పిండమునకు మరొక వింత కలదు: గర్భము నడిమి నెలలలో పిండపు బీజగ్రంథులు, అది ఆడదైనను మగదైనను, తల్లి అండాశయములను మించిన పరిమాణమునకు పెరిగి, పిమ్మట తగ్గిపోవును. అవి ఇచ్చు ముడిపదార్థమును మావి స్త్రీ హార్మోనుగా మార్చును. చూడి గోడిగ మూత్రమున స్త్రీ హార్మోను సమృద్ధిగా ఉండుటకు ఇదియే కారణము. 1942 నుండి అమెరికాలో స్త్రీలకై అమ్ముడైన ప్రెమరిన్ అను మందు పేరే చూడి గోడిగ మూత్రమును సూచించు ఆంగ్లపదముల ముక్కలతో కట్టినది. పిండము నుండి వచ్చు ఈ స్రావముల వలన ఏ కణితి లేని చూడి గోడిగ కూడ కొన్ని వారములు మగగుర్రము వలె మెలగవచ్చును. ప్రసవమైన పిమ్మట ఆ నడత తనంతట తాను పోవును.

కాబట్టి చూడి గోడిగను చూచునప్పుడు వైద్యుడు రెండు ప్రక్కలను పోల్చవలెను. మలద్వారము గుండ చేయి పెట్టి తడిమినప్పుడు రెండును పెద్దవై, చిక్కుడు గింజ నడిమి నొక్కు చేతికి దొరకినచో అది చూలు చేసిన మార్పే కావచ్చును. ఒకటి మాత్రమే పెద్దదై, గుంట పూర్తిగా పూడిపోయి, రెండవది ముడుచుకొని ఉన్నచో అనుమానము బలపడును. అల్ట్రాసౌండు తెరపై కణితి తరచుగా తేనెపట్టు వలె గదులు గదులుగా కనబడును. ఒక్కొక్కప్పుడు ఒకే పెద్ద నీటితిత్తిగాను, మరొకప్పుడు గట్టి ముద్దగాను ఉండును. గర్భము పెరిగిన కొలది అండాశయములు ముందునకు, క్రిందికి జారిపోవుట వలన చివరి నెలలలో చేయి అందదు, తెరపైనను చిక్కదు. అప్పుడు రక్తమే సాక్షి.

ఆ సాక్ష్యము కూడ ఇటీవలనే స్థిరపడినది. లోగడ టెస్టోస్టెరోన్, ఇన్‌హిబిన్, ప్రొజెస్టెరోన్ మూడింటిని కొలిచెడివారు. టెస్టోస్టెరోను కణితి గల గోడిగలలో ఇంచుమించు సగమునందే పెరుగును. ఇన్‌హిబిన్ సుమారు నూటికి తొంబదింటిలో పెరుగును. ప్రొజెస్టెరోను తక్కువగా ఉండుటయు ఒక గుర్తే; కాని చూడి గోడిగలో అది సహజముగనే ఎక్కువ, టెస్టోస్టెరోనును అట్లే ఎక్కువ. పాత కొలబద్దలు చూడి గోడిగ దగ్గర ఈ విధముగా వంకరపోయినవి. 2011 ప్రాంతమున కాలిఫోర్నియా పరిశోధకులు యాంటీ-ముల్లేరియన్ హార్మోనును గోడిగలలో కొలిచి చూపిరి. ఈ హార్మోను అసలు పని మగ పిండములో ఆడ అవయవముల మూలనాళమును అణచుట. ఆడదానిలో దీనిని గ్రాన్యులోసా కణములు స్వల్పముగా తయారుచేయును. ఎద చక్రములో గాని, చూలులో గాని దీని మొత్తము చెప్పుకోదగినంతగా మారదు. కణితి ఉన్నప్పుడు మాత్రము బాగుగా పెరుగును. కాబట్టి చూడి గోడిగకు నేడు ఇదియే తగిన పరీక్ష. ఈ కణములకే స్త్రీలలో వచ్చు కణుతులను కనిపెట్టుటకును ఇన్‌హిబిన్, యాంటీ-ముల్లేరియన్ హార్మోనులను వైద్యులు కొలుచుచున్నారు. అనగా గుర్రపు కొట్టమునకు, ఆసుపత్రికి నడుమ గోడ మనము అనుకొనునంత మందమైనది కాదు.

అన్ని వాపులును ఈ కణితియే కావు. అండము విడుదలైన చోట రక్తము చేరి గడ్డకట్టి పెద్దదిగా కనబడుట కలదు. అది కణితి కాదు, కొన్ని వారములలో కరగిపోవును, రెండవ అండాశయము యథాప్రకారము పని చేయుచుండును. టెరటోమా అను మరొక రకమున వెండ్రుకలు, ఎముక, ఒక్కొక్కప్పుడు పండ్లు కూడ దొరకును. దానిని కోసి చూచిన పామరులు దయ్యపు పిల్ల అనుకొనిన ఆశ్చర్యము లేదు. డిస్‌జెర్మినోమా అనునది అరుదైనను ప్రాకు స్వభావము గలది, ప్రమాదకరము.

చికిత్స ఒక్కటే: కణితి గల అండాశయమును తీసివేయుట. మందుతో కరగదు. పూర్వము యోని గోడ గుండ చేయి పోనిచ్చి గొలుసువంటి పరికరముతో నులిమి తెంపెడివారు. రక్తస్రావ భయము మెండు. నేడు గోడిగను నిలువబెట్టి, మత్తుమందు ఇచ్చి, డొక్కలో చిన్న రంధ్రముల గుండ లాపరోస్కోపుతో రక్తనాళమును మూసి తీయుచున్నారు. కణితి మరీ పెద్దదైనచో పడుకోబెట్టి పొట్ట కోయవలసి వచ్చును.

చూడి గోడిగకు ఈ శస్త్రము చేయవచ్చునా? ఇక్కడ దినముల లెక్క ప్రాణముతో సమానము. గర్భమును నిలుపు ప్రొజెస్టెరోను మొదటి రెండు నెలలు అండాశయము నుండియే రావలెను. 1979లో ప్రకటింపబడిన ప్రయోగములలో చూడి గోడిగల అండాశయములు రెండును వేర్వేరు దినములలో తీసి చూచిరి. 25, 45 దినములకు తీసినవాని గర్భములు నిలువలేదు. 50కి, 70కి మధ్య తీసినవానిలో కొన్ని నిలిచినవి, కొన్ని పోయినవి. 140 దినములకు, ఆపైన తీసినవి నిలిచినవి. మావి అప్పటికి తన బాధ్యతను తాను స్వీకరించియుండును. ఇంచుమించు 100 దినములు దాటిన పిమ్మట ఒక అండాశయము పోయినంత మాత్రమున గర్భము పోదు. అంతకుముందు తప్పనిసరియైనచో ఆల్ట్రెనోజెస్ట్ వంటి కృత్రిమ హార్మోనును నోటి ద్వారా ఇచ్చి ఆదుకొందురు. అయితే మత్తుమందు, నొప్పి, ఉపవాసము, శస్త్రపు అలజడి గర్భమునకు వేరుగా ముప్పు తేగలవు. కాబట్టి కణితి నొప్పి పెట్టక, రక్తము కార్చక ఊరకున్నంతవరకు ప్రసవము దాక ఆగుటయే మేలని వైద్యుల అభిప్రాయము. కణితి మెలి పడినను, పగిలినను, గోడిగ నేలపై పొరలి కడుపునొప్పి చూపినను ఆగరాదు.

మన విద్యార్థులు ఈ విద్య నేర్వవలెనన్నచో దూరదేశము పోనక్కరలేదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల 1946లో నెలకొన్నది. 2014 నుండి పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయము క్రింద నడుచుచున్నది. తిరుపతి కళాశాల 1955 నాటిది. ఇంటర్మీడియట్‌లో జీవశాస్త్రము చదివినవారికి ఆ ద్వారము తెరచియే ఉన్నది. ఎం.బి.బి.ఎస్. రాలేదని చింతించు పిల్లలను ఏటేటా చూచుచున్నాము. వారిలో ఎందరికి ఈ దారి ఉన్నదని చెప్పితిమో మన కమిటీ పెద్దలును, మేమును లెక్క చూచుకొనవలసియున్నది. సలోత్రీ పని ఒకప్పుడు మన ముస్లిము కుటుంబములలో తండ్రి నుండి కొడుకునకు దిగిన విద్య. లాడము కొట్టు చేయి అల్ట్రాసౌండు పట్టుకొనుటలో విడ్డూరమేమియు లేదు.

గుర్రము ఉన్న యజమానికి మాత్రము ఒక గుర్తు చెప్పవచ్చును. పిల్లను వేసిన గోడిగ సాధారణముగా 6 నుండి 12 దినముల లోపల మరల ఎదకు వచ్చును. అట్లు రానప్పుడు, పాలిచ్చుట వలననే ఆగియుండవచ్చును, కొన్నాళ్ళు చూడవచ్చును. నెలలు గడచినను రాక, మెడ బలిసి, తోటి గోడిగల మీదికి పోవుచున్నచో కొరడా ప్రక్కన పెట్టి వైద్యుని పిలువవలెను. కణితిని తీసివేసిన పిమ్మట ఆ మగ నడత క్రమముగా తగ్గిపోవును. ఎండిపోయిన రెండవ అండాశయము ఆ మరునాడే మేల్కొనదు. పిట్యూటరీ ఆజ్ఞలు మరల అందుకొని అండమును విడుదల చేయుటకు సాధారణముగా 6 నుండి 8 నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరమునకు పైన పట్టును. అంతకాలము మేత పెట్టి వేచియున్నవారి కొట్టములో అదే గోడిగ మరల చూడి కట్టగలదు.